కుళాయి చప్పుడు కింది మాట

చలపతిరావు మద్రాసులో పన్నెండేళ్ళు, ఆ తరవాత ఫిల్మ్ నగర్‌లో పదమూడేళ్ళు డబ్బింగ్ థియేటర్లలో సౌండ్ ఇంజనీరుగా పనిచేశాడు. తెనాలి పక్క పల్లెటూళ్ళో రేడియో రిపేరు నేర్చుకుని రైలెక్కినవాడు. తెర మీద నటుడి పెదవులు ఎంతసేపు కదిలితే అంతసేపే మాట ఉండాలి. ఒక అక్షరం సాగినా చూసేవాడికి తెలిసిపోతుంది. ఆ పొడుగుల్ని ఆయన ఫ్రేముల్లో చెప్పేవాడు. సెకనుకు ఇరవైనాలుగు ఫ్రేములు. "ఇంకో రెండు ఫ్రేములు ముందుకు జరపండి" అని ఆయనంటే, జరిపి చూస్తే సరిపోయేది.

2001 చివర్లో ఆయన పనిచేస్తున్న థియేటర్ మూతపడింది. యజమాని ఆ స్థలాన్ని అపార్ట్‌మెంట్లు కట్టేవాళ్ళకు ఇచ్చేశాడు. కొత్త స్టూడియోలకు వెళ్తే మర్యాదగా కూర్చోబెట్టి కాఫీ ఇచ్చారు కాని పని ఇవ్వలేదు. అక్కడ పాతికేళ్ళ పిల్లలు కంప్యూటర్ల ముందు కూర్చుని అన్నీ చేసేస్తున్నారు. ఆయనకు యాభై నాలుగు. శ్రీనగర్ కాలనీలో అద్దె వాటాలో మూడు నెలలు ఊరికే కూర్చున్నాక, పాత స్నేహితుడొకరి ద్వారా కమలాకర్ అనే మనిషి నుంచి కబురొచ్చింది.

కమలాకర్ అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సులు నడిపి, ఆ ఊపులో జూబ్లీహిల్స్‌లో ఒక ఇంటి పై అంతస్తు తీసుకుని మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ కంపెనీ పెట్టాడు. అమెరికాలో డాక్టర్లు రోగిని చూశాక తాము చూసిందీ చేసిందీ ఒక యంత్రంలోకి మాట్లాడతారు. ఆ మాటలు తెల్లారేసరికి హైదరాబాద్ చేరతాయి. ఇక్కడ పాతికమంది హెడ్‌ఫోన్లు పెట్టుకుని విని టైపు చేస్తారు. టైపయిన కాగితాన్ని చూసి ఇంకో ఇద్దరు ప్రతి జబ్బుకూ ఒక అంకె వేస్తారు. అక్కడి ఇన్సూరెన్స్ కంపెనీలు చదివేది ముందు ఆ అంకెనే. దాన్నే మెడికల్ కోడింగ్ అంటారు. కమలాకర్ బాధల్లా డాక్టర్ల రికార్డింగులతోనే. కొందరు కారు నడుపుతూ మాట్లాడతారు, కొందరు తింటూ మాట్లాడతారు. ఆ చప్పుళ్ళు తీసేసి మాటను మిగిల్చే మనిషి కావాలి. మూడు నిమిషాల నమూనా ఒకటి వినిపిస్తే, చలపతిరావు అందులో ఫ్యాను చప్పుడు ఎక్కడ మొదలైందో, డాక్టరు ఎప్పుడు ముఖం పక్కకు తిప్పాడో చెప్పాడు. ఆయన మరుసటి సోమవారమే చేరాడు. భార్య సీతామహాలక్ష్మి ఇరుగుపొరుగుతో మా ఆయన సాఫ్ట్‌వేర్‌లో చేరారని చెప్పింది. ఆయన దిద్దలేదు.

చెవి ఉంది కాని వైద్యం మాటలు తెలియవు. అవి నేర్పింది నాగేశ్వరి. మోతీనగర్ మనిషి, ముప్పై ఎనిమిదేళ్ళు. పదేళ్ళు ఒక ప్రైవేటు స్కూల్లో ఇంగ్లీషు చెప్పి, జీతం చాలక ఈ పనిలోకి వచ్చింది. ఆ అంతస్తులో ఆవిడంత వేగంగా టైపు చేసేవాళ్ళు లేరు. మధ్యాహ్నం టిఫిన్ డబ్బా మూత తీస్తూనే చలపతిరావుకు రోజుకు పది మాటలు చెప్పేది. శరీరం బొమ్మ గీసి, ఏ అవయవం ఎక్కడుందో పెన్సిలుతో చూపించేది. ప్రోస్టేట్ అనే గ్రంథి మూత్రాశయం కిందుంటుందనీ, మగవాళ్ళకే ఉంటుందనీ, వయసు మళ్ళాక పెరుగుతుందనీ ఆయన తన యాభై నాలుగో ఏట ఆవిడ దగ్గరే తెలుసుకున్నాడు. పాఠం చెప్పే టీచరులా మొహంలో ఏ మార్పూ లేకుండా చెప్పింది కాబట్టి ఆయనా ఇబ్బంది పడకుండా రాసుకున్నాడు.

ఆ కంపెనీకి పెన్సిల్వేనియాలో ఒక యూరాలజీ డాక్టరు, అంటే మూత్ర సంబంధమైన జబ్బులు చూసేవాడు, ఉన్నాడు. అందరూ కుళాయి డాక్టరనేవారు. రోగిని పరీక్షించి, చేతులు కడుక్కుంటూ మాట్లాడతాడు. నీళ్ళు స్టీలు తొట్టిలో పడుతుంటాయి, ఆ చప్పుడు మీద ఆయన మాట తేలుతూ మునుగుతూ ఉంటుంది. వినబడని చోట టైపు చేసేవాళ్ళు ఖాళీ గీత పెట్టాలి. అమెరికాలో డాక్టరు ఆ గీత చూసి పూరించుకుంటాడు. కాని ఖాళీలు ఎక్కువైతే క్లయింట్లు గొణుగుతారు. అందుకని ఎవరు తక్కువ ఖాళీలు పెట్టారో నెలనెలా లెక్క తీసి, గోడ మీద పేరు రాసేవారు. ఆ పేరు ఎక్కువసార్లు నాగేశ్వరిదే. కుళాయి డాక్టరు ఫైళ్ళన్నీ ఆవిడకే వెళ్ళేవి.

కోడింగ్ చేసే ఇద్దరిలో పద్మప్రియ ఒకతె. బీఎస్సీ చదివింది, ఇరవై మూడేళ్ళు. రహమత్ నగర్ నుంచి కృష్ణానగర్ మీదుగా నడిచే వచ్చేది. చేతిలో లావుపాటి కోడ్ల పుస్తకం, దాని అంచున రంగు కాగితాల గుర్తులు. రోజుకు నూట ఇరవై కాగితాలకు అంకెలు వేయాలి. డాక్టరు రాసినదానికే అంకె వేయాలి తప్ప రాయనిది ఊహించకూడదు, అది ఆ పనిలో మొదటి నియమం. ప్రోస్టేట్‌కి ఏదో ఉందని మాత్రమే రాసి ఏమిటో చెప్పకపోతే దానికీ ఒక అంకె ఉంది. 602.9. వివరం చెప్పని ప్రోస్టేట్ రుగ్మత. అంత అస్పష్టమైన అంకె వేయాల్సి వచ్చినప్పుడు, వీలైతే డాక్టరును ఒక ప్రశ్న అడగమని శిక్షణలో చెప్పారు. నూట ఇరవై కాగితాల రోజున ఎవరూ అడగరు.

2002 నవంబర్ ఏడో తేదీన కుళాయి డాక్టరు నుంచి చిన్న ఫైలొకటి వచ్చింది. ఆ రోజు ఆయన రోగిని చూడలేదు, పాత కాగితాలు చూసి మాట్లాడాడు. రోగి వయసు అరవై ఒకటి. ఆగస్టులో వచ్చాడు. గ్రంథిలోంచి చిన్న ముక్క తీసి చూసే బయాప్సీ చేయాలనుకున్నాం. ఇన్సూరెన్స్ వాళ్ళు రెండోసారి కూడా ఒప్పుకోలేదు. పరీక్షలో గడ్డ ఏమీ లేదని మన కాగితంలోనే ఉంది, జబ్బు కూడా వివరం లేని అంకెతో ఉంది, అలాంటప్పుడు ఈ పరీక్ష అవసరం కనబడటం లేదన్నారు. రక్తపరీక్ష కొంచెమే ఎక్కువగా ఉంది. ఆరు నెలల తరవాత మళ్ళీ చూద్దాం. ఇదీ అందులోని విషయం.

పద్మప్రియ ఆ కాగితం పక్కన పెట్టి ఆగస్టు పధ్నాలుగునాటి పాత రిపోర్టు తెరిచింది. ఆ వివరం లేని అంకె వేసింది తనే. కింద తన పేరులోని మొదటి అక్షరాలున్నాయి. పరీక్ష దగ్గర, గ్రంథి నునుపుగా ఉంది, ఎడమవైపు గడ్డ లేదు అని ఉంది. జబ్బు దగ్గర ప్రోస్టేట్ రుగ్మత అని మాత్రమే ఉంది. చివర, బయాప్సీకి ఏర్పాటు చేయండి అని ఉంది. అప్పుడు రెండు నిమిషాల్లో అంకె వేసి తరవాతి కాగితానికి వెళ్ళిపోయి ఉంటుంది. ఇప్పుడు నిదానంగా చదివితే ఆమెకు అర్థం కాలేదు. గడ్డ లేకపోతే ఆ డాక్టరు బయాప్సీ ఎందుకు చేద్దామనుకున్నట్టు? లేని గడ్డకు ఎడమవైపని ఎందుకు చెప్పినట్టు?

ఆమె లేచి చలపతిరావు గదిలోకి వెళ్ళింది. స్టోర్‌రూముకు పాత కార్పెట్లు, గుడ్డలు కొట్టి ఆయన చేసుకున్న గది అది.

"సార్, ఇది జర వినుండ్రి. ఆగస్టుది. వాయిస్ ఇంకా సర్వర్లనే ఉంది. తొంభై రోజులైతే తీసేస్తరు. ఇంక ఐదు రోజులే ఉన్నయి."

ఏం వినాలో చెప్పమన్నాడాయన. ముందే చెబితే అదే వినబడుతుందని, తాను చెప్పనంది పద్మప్రియ. ఆ జవాబు ఆయనకు నచ్చింది.

వినబోతే వీలు కాలేదు. పక్క బంగళాలో షూటింగ్ జరుగుతోంది. గేటు బయట జనరేటర్ వ్యాను మోగుతోంది, లోపల పాట ముక్క ఒకటే మళ్ళీ మళ్ళీ వేస్తున్నారు. ఎన్ని గుడ్డలు కొట్టినా ఆ అదురు గోడలోంచి వస్తూనే ఉంది. ఆయన కిందకు దిగి గేటు దగ్గరకు వెళ్ళాడు. ప్రొడక్షన్ మేనేజరు వెంకటరామయ్య పాతవాడే. డబ్బింగ్ రోజుల్లో ఎన్నోసార్లు కలిసి భోజనం చేసినవాళ్ళు. ఇప్పుడేం చేస్తున్నారని అడిగితే చలపతిరావు డాక్టర్ల మాటలు వింటున్నానని చెప్పాడు. వెంకటరామయ్యకు అది అర్థం కాలేదు కాని ఇంకా అడగలేదు. భోజనాల బ్రేకులో జనరేటర్ అరగంట ఆపిస్తానన్నాడు. ఆపించాడు కూడా.

ఆ అరగంటలో చలపతిరావు ఆ రికార్డింగును ఇరవైసార్లకు పైగా విన్నాడు. ఒక నిమిషం ఎనిమిది సెకన్ల దగ్గర కుళాయి తిరిగింది. "దేర్ ఈజ్" అన్నాక నీళ్ళు తొట్టిలో పడ్డాయి, ఆ చప్పుడు కింద ఒక చిన్న మాట, దాని తరవాత "నాడ్యూల్ ఆన్ ద లెఫ్ట్". నాడ్యూల్ అంటే చేతికి తగిలే గట్టి బొడిపె. మధ్యనున్న చిన్న మాట "నో" అయితే ఎడమవైపు బొడిపె లేదు. "ఎ" అయితే ఉంది.

నీటి చప్పుడును ఆయన ఎంత తగ్గించినా ఆ చిన్న మాట తేట పడలేదు. చెవి రెండువైపులా ఊగింది. అప్పుడు వినడం మానేసి కొలవడం మొదలుపెట్టాడు. అదే డాక్టరు వేరే రోజుల్లో "నో నాడ్యూల్" అన్న రికార్డింగులు ఆరు తీశాడు. ప్రతిదాంట్లో "నో" నాలుగైదు ఫ్రేములు పట్టింది. ఆ మనిషికి ఆ మాటను కొంచెం సాగదీసే అలవాటుంది. ఆగస్టు రికార్డింగులో "ఈజ్"కీ "నాడ్యూల్"కీ మధ్యనున్న చోటు రెండు ఫ్రేములు కూడా లేదు. అంత ఇరుకులో ఆ డాక్టరు నోట "నో" పట్టదు.

ఆయన హెడ్‌ఫోన్లు తీసి, పద్మప్రియను పిలిచి తన కొలతలు చూపించాడు. ఆమె కమలాకర్‌కు చెప్దామని లేచింది. ఆయన కాసేపాగమన్నాడు. ఆ ఫైలు టైపు చేసింది నాగేశ్వరి. ముందు ఆవిడకు చెప్పాలి.

వెనకవైపు వాటర్ ఫిల్టర్ దగ్గర నాగేశ్వరి సీసా నింపుకుంటోంది. ఆయన చెప్పిందంతా ఆవిడ సీసా మూత బిగిస్తూ వింది.

"పదిల తొమ్మిదిసార్లు ఆయన నో అనే అంటడు సార్" అంది. "నాకు గదే వినవడ్డది."

"వినబడిందా, అలవాటు కొద్దీ రాశారా?"

అడిగాక అలా అడగకుండా ఉండాల్సింది అనుకున్నాడు. ఆవిడ కోపగించుకోలేదు.

"అది నాకే తెల్వదు సార్. రోజుకు వెయ్యి లైన్లు కొడుత. చేతులు వాటికవే కొడ్తయి. ఖాళీ పెడితే నెల చివర్ల అడుగుతరు, పెట్టకపోతే గోడ మీద పేరు రాస్తరు." సీసా చంకలో పెట్టుకుంది. "మీరు విన్నది మీరు రాయుండ్రి. నన్నడిగేదేముంది?"

ఒకసారి వచ్చి వినమన్నాడాయన. ఆవిడ రాలేదు. సీటు దగ్గరకు వెళ్ళి పని చేసుకుంది.

కమలాకర్ గదిలో చలపతిరావు, పద్మప్రియ ఎదురుగా కూర్చున్నారు. కమలాకర్ అరిచే మనిషి కాదు. అంతా విని, పెన్ను మూత తీస్తూ పెడుతూ కూర్చున్నాడు. ఆయన ఇబ్బంది ఇద్దరికీ తెలుసు. ఆ యూరాలజీ క్లయింటు ఒప్పందం డిసెంబర్‌లో మళ్ళీ రాసుకోవాలి. మూడు నెలల కిందటి ఫైల్లో, ఉన్న గడ్డను లేదని రాశామని మనంతట మనమే చెబితే, అది మామూలు తప్పు కింద లెక్కకు రాదు. ప్రాణానికి సంబంధించిన తప్పు అంటారు. అలాంటిది ఒకటి పడితే ఆ ఫైలు టైపు చేసినవాళ్ళను ఆ క్లయింటు పని నుంచి తప్పించాలి. ఆ నియమం ఆయనే పెట్టాడు.

"మీకెంత నమ్మకం రావుగారూ? నూటికి ఎంత?"

"తొంభై అండీ."

"మిగతా పది?"

"ఆ పది కోసమే డాక్టరుగారిని అడగమంటున్నాను. నూరు ఉంటే అడిగే పనే లేదు."

కమలాకర్ లేచి బాల్కనీలోకి వెళ్ళాడు. పక్క బంగళాలో జనరేటర్ మళ్ళీ మొదలైంది. తిరిగి వచ్చి పద్మప్రియను అడిగాడు, ఆగస్టులో నువ్వెందుకు ప్రశ్న పంపలేదని. ఆమె సాకు చెప్పలేదు. పరీక్షలో గడ్డ లేదని చదివాక కింద బయాప్సీ అని ఉన్నప్పుడు తాను ఆగాల్సిందనీ, ఆగలేదనీ, తన పేరు కూడా తప్పుల రిజిస్టర్లో రాయమనీ చెప్పింది. కమలాకర్ పెన్ను బల్ల మీద పెట్టాడు.

"సరే, పంపుదాం. కాని మనమే జవాబు చెప్పొద్దు. అడుగుడు మాత్రమే."

ఆ ప్రశ్న రాయడానికి గంటన్నర పట్టింది. డాక్టరు నోట్లో మాట పెట్టకూడదు. గడ్డ ఉందా అని అడిగినా, లేదు కదా అని అడిగినా తప్పే. పద్మప్రియ నాలుగుసార్లు రాసి నాలుగుసార్లు కొట్టేసింది. చివరకు ఐదు వాక్యాలు మిగిలాయి. ఆగస్టు పధ్నాలుగునాటి రికార్డింగులో ఒక నిమిషం ఎనిమిది సెకన్ల దగ్గర ఒక చిన్న మాట నీటి చప్పుడు వల్ల మాకు స్పష్టంగా లేదు. రిపోర్టులో "నో" అని రాశాం. అది సరైనదని ఇప్పుడు మేం చెప్పలేం. అసలు రికార్డింగు, చప్పుడు తగ్గించిన రికార్డింగు రెండూ జత చేస్తున్నాం. దయచేసి విని నిర్ధారించండి. కింద విన్నవారి పేరు రాయాలని కమలాకర్ అన్నాడు. చలపతిరావు తన పేరు రాశాడు. తెరమీద పేర్లలో ఆయన పేరు ఎన్నోసార్లు పడింది. ఒక ఇంగ్లీషు ఉత్తరం కింద పడటం మాత్రం అదే మొదలు.

సాయంత్రం ఆరున్నరకు అది వెళ్ళింది. అప్పటికి పెన్సిల్వేనియాలో ఇంకా పొద్దున్నే.

జవాబు వెంటనే రాలేదు. నాగేశ్వరి మధ్యాహ్నం డబ్బా తీసుకుని వేరే బల్ల దగ్గర కూర్చోసాగింది. చలపతిరావు తన డబ్బా తన గదిలోనే తిన్నాడు. ఏమైందని సీతామహాలక్ష్మి అడిగితే విషయం క్లుప్తంగా చెప్పాడు.

"ఆవిడ మీకు పని నేర్పింది కదా" అందామె.

అవునన్నాడు. ఆయనకు ఆ మాట చాలాసేపు గుచ్చుకుంది. ఆవిడతో మొదట మాట్లాడటం మంచిదే కాని, వాటర్ ఫిల్టర్ దగ్గర నిలబెట్టి అలా అడగటం మంచిది కాదని ఆయనకు తెలుసు. వెళ్ళి ఆ మాట చెప్పాలని రెండుసార్లు ఆవిడ సీటు దాకా వెళ్ళాడు. రెండుసార్లూ ఆవిడ హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఉంది.

పన్నెండో రోజున జవాబు వచ్చింది. డాక్టరు రాయలేదు, ఆయన ఆఫీసు నర్సు రాసింది. డాక్టరు రికార్డింగు విన్నారు, రోగిని మళ్ళీ పిలిపించి పరీక్షించారు. ఎడమవైపు సెంటీమీటరుకు మించిన గట్టి బొడిపె ఒకటి ఉంది. ఆగస్టు రిపోర్టును సరిదిద్దగలరు. దిద్దిన కాగితాన్ని ఇన్సూరెన్స్‌కు పంపుతున్నాం. ధన్యవాదాలు.

పద్మప్రియ పాత అంకె కొట్టేసి, బొడిపెతో ఉన్న ప్రోస్టేట్ అని 600.1 వేసింది. తేదీ, కారణం రాసి సంతకం చేసింది. ఆ పనికి మూడు నిమిషాలు పట్టింది. నాలుగు రోజుల్లో బయాప్సీకి అనుమతి వచ్చిందని తరవాతి ఫైల్లో ఉంది. డిసెంబర్ మొదటి వారంలో బయాప్సీ రిపోర్టు వచ్చింది. ఆ రిపోర్టుకు ఆమె వేసిన అంకె 185. దానికి పాయింటు తరవాత ఏమీ ఉండదు. పుస్తకంలో దాని ఎదురుగా ప్రోస్టేట్ క్యాన్సర్ అని ఉంటుంది.

క్లయింటు ఒప్పందం కొనసాగింది, సంవత్సరానికి బదులు ఆరు నెలలకు. కమలాకర్ నియమం ప్రకారం నాగేశ్వరిని కుళాయి డాక్టరు పని నుంచి తప్పించి, లోపలి గదిలో గుండె డాక్టర్ల ఫైళ్ళకు మార్చాడు. పద్మప్రియ పేరు కూడా రిజిస్టర్‌కెక్కింది. గోడ మీద పేర్లు రాయడం ఆ నెల నుంచి ఆపేశారు. ఎందుకు ఆపారో ఎవరూ చెప్పలేదు. ఖాళీల లెక్క అడగడం మాత్రం ఇంకో రెండు నెలలు సాగి, ఆ తరవాత అదీ ఆగింది.

గది మారే రోజున నాగేశ్వరి తన కుర్చీ మీది దిండు, నీళ్ళ సీసా, చిన్న పిల్ల ఫోటో ఒకటి సర్దుకుంది. ఫోటోలోది ఆవిడ చెల్లెలి కూతురని చలపతిరావుకు అప్పుడే తెలిసింది. ఆయన తలుపు దగ్గర నిలబడి, ఆ రోజు అలా అడిగి ఉండకూడదన్నాడు.

"అడగాల్సిందే కద సార్" అంది ఆవిడ. "నేను జవాబు చెప్పలేకపోయిన, అంతే."

ఆ గొంతులో కోపం ఉందో లేదో ఆయన తేల్చుకోలేకపోయాడు. ఆవిడ దిండు చంకలో పెట్టుకుని లోపలికి వెళ్ళింది.

ఆ రోగి ఎవరో ఎవరికీ తెలియదు. పేరు కాగితం మీద ఉంటుంది కాని బయట పలకకూడదు, వాళ్ళు పలకలేదు. అరవై ఒక్క ఏళ్ళ మనిషి, లారీలు నడిపి మానేశాడు, పొగ తాగడు, భార్య ఉంది. ఇంతే పాత రిపోర్టుల్లో ఉంది. పద్మప్రియ కొన్నాళ్ళు ప్రతి ఉదయం కుళాయి డాక్టరు ఫైళ్ళు రాగానే ఆ నంబరు కోసం వెతికేది. తన పాత అంకెల్ని కూడా వెతకడం మొదలుపెట్టింది. ఇంటికి వెళ్ళే ముందు రోజూ ఓ అరగంట కూర్చుని, ఆ సంవత్సరం తాను వేసిన 602.9లన్నీ తీసి ఒక్కొక్క కాగితమూ మళ్ళీ చదివింది. నూట తొంభై ఆరు ఉన్నాయి. చాలావాటిలో నిజంగానే డాక్టరు ఇంకేమీ చెప్పలేదు. తొమ్మిదింటి మీద మాత్రం ప్రశ్నలు రాసి కమలాకర్ బల్ల మీద పెట్టింది. ఆయన తొమ్మిదీ పంపాడు. ఆరింటికి జవాబులొచ్చాయి. ప్రమాదమైనవి ఏవీ లేవు. ఒకటి పాత ఇన్‌ఫెక్షన్, ఒకటి రాయి, మిగతా నాలుగూ వయసుతో వచ్చే మామూలు వాపు.

చలపతిరావు కుళాయి డాక్టరుకు తన వంతుగా ఒక సలహా రాయించాడు. చేతులు కడుక్కున్నాక మాట్లాడితే మాకు సులువుగా ఉంటుందని కమలాకర్ పేరు మీద మర్యాదగా వెళ్ళింది. వారం రోజులు ఆ డాక్టరు పాటించాడు. తరవాత మళ్ళీ నీళ్ళు మొదలయ్యాయి. చలపతిరావు ఆ డాక్టరు ఫైళ్ళన్నీ ఒకసారి తాను కూడా విన్నాకే బయటకు పంపాలని అడిగి ఒప్పించుకున్నాడు. దానివల్ల ఇంటికి చేరేసరికి రోజూ ఎనిమిదయ్యేది.

ఫిబ్రవరి మూడో వారంలో ఒక శనివారం ఆ నంబరు కనబడింది. ఆపరేషన్ తరవాతి డిశ్చార్జి రిపోర్టు. అదే క్లయింటు ద్వారా వచ్చిన వేరే ఆస్పత్రి ఫైలు, వేరే సర్జను, స్పష్టమైన గొంతు, పక్కన ఏ చప్పుడూ లేదు. గ్రంథిని పూర్తిగా తీసేశారు. కోసిన అంచుల్లో జబ్బు లేదు. పక్కనున్న లింఫ్ కణుపుల్లోకి పాకలేదు. రోగి మూడో రోజు లేచి నడిచాడు, ఐదో రోజు ఇంటికి వెళ్ళాడు.

పద్మప్రియ అంకెలు వేసి, కాగితం ప్రింటు తీసి లోపలి గదికి వెళ్ళింది. నాగేశ్వరి రికార్డింగును నడిపే పెడల్ మీంచి కాలు తీసి హెడ్‌ఫోన్లు మెడకు జార్చుకుంది. నిలబడే చదివింది. మొదటి పేజీ, రెండో పేజీ చదివి మళ్ళీ మొదటి పేజీకి వచ్చింది.

"కణుపులల్ల లేదు కద?" అని అడిగింది.

"లేదు మేడం. గీడ రాసి ఉంది."

"మంచిగుంది." కాగితం మడిచి తిరిగి ఇచ్చింది. కళ్ళద్దాలు తీసి చున్నీ అంచుతో చాలాసేపు తుడిచింది. పద్మప్రియ కాగితం పట్టుకుని తన సీటుకు వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం రెండున్నరకు చలపతిరావు గది తలుపు తోసుకుని నాగేశ్వరి వచ్చింది. నవంబర్ తరవాత ఆ గదిలోకి రావడం అదే మొదటిసారి. చేతిలో చీటీ ఉంది, దాని మీద ఫైలు నంబరు, నిమిషాలు, సెకన్లు రాసి ఉన్నాయి. పద్మప్రియ తెచ్చిన కాగితం గురించి ఆవిడ ఎత్తలేదు, ఆయనా ఎత్తలేదు. అప్పటికి పద్మప్రియ చెప్పగా ఆయనకూ తెలుసు.

"ఈ గుండె డాక్టరు మధ్యల ఏదో అంటున్నడు సార్. నాకైతే రెండు తీర్ల వినవడుతుంది. జర చూడుండ్రి."

ఆయన ఆ ఫైలు తెరిచి హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాడు. ఇంకో కుర్చీ ఆవిడవైపు జరిపాడు. ఆవిడ కూర్చుంది. రెండుసార్లు విని, మూడోసారి నెమ్మదిగా తిప్పి విన్నాడు.

"ఇది మాట కాదండీ. కుర్చీ చప్పుడు. ఆయన వెనక్కి వాలాడు."

"ఖాళీ కూడా వద్దా?"

"వద్దు. ఇక్కడాయన ఏమీ అనలేదు."

నాగేశ్వరి చీటీ మీద ఆ మాటే రాసుకుంది. ఆ తరవాత మూడో నిమిషం దగ్గర ఇంకొకటుందని చెప్పింది. ఆయన రెండో హెడ్‌ఫోన్ల వైరు తగిలించి ఆవిడకు అందించాడు.